పక్కన పెట్టిన ముక్క

రాజంపేట స్టేషనులో రైలు ఆలస్యమైన పొద్దు, ఒకామె నా పక్కన కూర్చొని రొట్టెల మూట విప్పింది. నాకంటే పెద్దది, సాయిబుల ఇంటి ఆడమనిషి. పేరు అడగలేదు.

"తినేకి ఏమీ తెచ్చుకోలేదామ్మా?" అంది.

ఆకలి లేదన్నాను. ఆమె నా మొహం చూస్తూనే ఉంటే నిజం చెప్పాను. మా చేను షావుకారు దగ్గర తాకట్టులో ఉంది. వండే ముందు రోజూ పిడికెడు కొర్రలు వేరే కుండలో తీసిపెట్టి, అవి అమ్మి వడ్డీ కడుతున్నాను. రెండేళ్లలో చేను విడిపించుకుంటామని కాస్త గొప్పగానే చెప్పాను.

"ఆ పిడికెడు ఎవరి వంతులోది?"

"ఇంకెవరిది, నాదే."

ఆమె జొన్నరొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టింది. తన సగంలోంచి మళ్లీ ఒక ముక్క తుంచి పక్కన పెట్టింది. అది ఎవరికని అడిగాను.

"ఎవరికీ కాదు బిడ్డా. నేనూ పదేండ్లు నీ మాదిరే తీసినా. చేను పాయ, షావుకారూ పాయ. ఈ చెయ్యి మాత్రం ఇంగా తీస్తానే ఉండాది." నవ్వింది. నేనూ నవ్వాను. "నువ్వు తిను. ఈడనే, నా ముందర తిను. కొంగులో కట్టుకుంటే ఊరుకోను."

తిన్నాను.

మరుసటి రోజు మళ్లీ పిడికెడు తీశాను. వడ్డీ కట్టాలి కదా. మూడో ఏట చేను షావుకారు పేరు మీదికి పోయింది.

ఇప్పుడు నా కోడలు కడుపునిండా వడ్డిస్తుంది. నేను తిని లేచాక, కంచం అంచున ఉన్న చిన్న సంగటి ముద్దను చూసి, "ఇది ఎవరికత్తా?" అంటుంది.