ముందు నువ్వు పో, బావా!

ఆ రోజుల్లో మా వైపు దుమ్ము కూడా ఖరీదైనదే అనిపించేది. బండ్రి వైపు కొండల్లోని గనుల నుంచి లారీలు ఇనుప ఖనిజమున్న ఎర్రమట్టిని మోసుకుపోతుంటే, మడిలో దిగాల్సిన మగవాళ్లందరూ స్టీరింగు పట్టుకున్నారు. మా చిన్నాయన కూడా కాలువ కింది పొలం కొంత అమ్మేసి కొత్త టిప్పరు కొన్నాడు. (దానికి కట్టినంత పెద్ద పూలదండ ఆయన పెళ్లిలో కూడా ఆయన మెడలో పడి ఉండదు.) అంతకుముందే మాకొక పాత లారీ ఉండేది. నలుగురు తోస్తే గానీ అది స్టార్టయ్యేది కాదు. దాన్ని నేనూ, మా అక్క మొగుడూ వంతులేసుకుని నడిపేవాళ్లం. మరి కొత్త టిప్పరు సీటు ఎవరిది? నాకు అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఆ సీటు కావాలి, అంతే!

చిన్నాయన తెలివైనవాడు. ఒకరికిస్తే అన్నకొడుక్కి కోపం, మరొకరికిస్తే అల్లుడికి కోపం. అందుకే, "ఎమ్మిగనూరు జాత్రెలో ట్రాక్టర్ల పందెం ఉండాది గదప్పా. మీ ఇద్దర్లో ఎవురు ముందొస్తే టిప్పరు వాందే. మల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చొద్దండి" అని చేతులు దులుపుకున్నాడు. కోత అయిపోయిన వరిమడిలో సున్నంతో గీతలు గీశారు. మూడు చుట్లు తిరగాలి. నా ఖర్మ కొద్దీ జడ్జిగా ఎర్ర తువ్వాల తాతను పెట్టారు. గనుల దగ్గర లోడింగు లైనును చూసుకునేది ఈయనే. ఎవడైనా రోడ్డు దిగి, పక్క చేలోంచి పోయి ముందు దూరాడో, తాత ఎర్ర తువ్వాల ఊపేవాడు. ఆ లారీ అక్కడే ఆగిపోవాలి. తను ఎవరిని దాటాడో, వాడు తిరిగి తనను దాటి పోయేదాకా కదలకూడదు. ఆ చట్టాన్నే తాత పందెంలోకి కూడా మోసుకొచ్చాడు.

రెండో చుట్టులో నేను బావ పక్కకి చేరాను. కాలువ మలుపు దగ్గర, ఆ మహానుభావుడు ట్రాక్టరును నేరుగా నా మీదికి తిప్పాడు! నా చక్రాలు నేనెక్కడ పెట్టుకోవాలి, ఆయన నెత్తి మీదా? సున్నం గీత దాటేశాను. గీత లోపలంతా బురద, బయటేమో ఎండిన గట్టి నేల. అట్లా ఆ నేల మీదుగా తిరిగి గీత లోపలికొచ్చేసరికి బావకంటే ముందున్నాను. టిప్పరు హారను కూడా నా చెవుల్లో మోగింది. అంతలోనే తువ్వాల లేచింది.

"ఏంది తాతా, ఆయప్ప నన్ను తోసినాడు గదా! నువ్వు సూల్లేదా?" అని మొత్తుకున్నాను.

"సూసినాను. నువ్వు గీత దాటిందీ సూసినాను. తోసేదానికి రూలు లేదప్పా, గీతకే ఉండేది" అన్నాడు తాత తాపీగా. (లోడింగు దగ్గర లారీలు ఒకదాన్నొకటి తోసుకోవడం మామూలే కాబట్టి, అది ఆయన కంటికి తప్పుగా ఆనదు.) తోసినవాడు దొర, తోయించుకున్నవాడు దొంగ! పళ్లు కొరుక్కుంటూ ట్రాక్టరు ఆపాను.

ఇక బావ నన్ను దాటి పోవాలి కదా? పోడే! నా పక్కకొచ్చి తనూ ఆపేశాడు. "మీ అక్క ఆడ నిలబడి సూస్తాండాది. బామ్మర్ది దయ తలిచి ఇస్తే తీసుకున్నానని ఊరంతా నవ్వల్లా? నాకొద్దప్పా నీ బిచ్చం" అన్నాడు.

"బిచ్చం కాదు బావా, పెనాల్టీ! ముందు నువ్వు పో!"

"నేను పోను. దమ్ముంటే నువ్వే నడుపు, నేను మల్ల దాటుకుంటా."

"నేను కదలగూడదంట!"

"ఆయప్ప దాటేదాకా కదలాకు!" అని తాత దూరం నుంచి కేక. ఒక్కొక్క ట్రాక్టరే మమ్మల్ని దాటిపోతోంది. అందరికంటే వెనక, వణుకుతున్న పాత ట్రాక్టరు మీద కెంచనగుడ్డ ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, మా పక్కన ఆగి మరీ, "డీజిలు అయిపోయిందేమప్పా?" అని జాలిగా అడిగి పోయాడు. "ఎవురో ఒకరు కదలండ్రా, పరువు పోతాండాది!" అని అక్క గట్టు మీద నుంచి అరుస్తోంది. పందెం అయిపోయింది. మేమిద్దరం మాత్రం ఇంజన్లు ఆపకుండా అక్కడే ఉన్నాం.

మా ఇద్దరికంటే ముందొచ్చాడని చిన్నాయన ఆ కెంచనగుడ్డ పెద్దాయన్నే పిలిచి, నడపమని టిప్పరు తాళాలిచ్చాడు. "మీరు ఒకరికొకరు దారి ఇచ్చుకునేలోపల గనులే మూతపడతాయి" అని మమ్మల్ని తిట్టాడు. (కొన్నేళ్లకు నిజంగానే మూతపడ్డాయి. ఆ పాపం మాది మాత్రం కాదు.) మేము మళ్లీ పాత లారీ తోసుకుంటూ బతికాం. బావతో చాలా రోజులు నేరుగా మాట్లాడలేదు, ఏదైనా చెప్పాలంటే అక్క చేత చెప్పించేవాణ్ణి.

మొన్న వాళ్లింటికి వెళ్తే, బావ టీవీలో కార్ల పందెం చూస్తున్నాడు. ఒక కారు మలుపులో ఇంకోదాన్ని బయటికి నెట్టింది. నెట్టించుకున్నవాడు దారి బయట నుంచే దాటుకుని ముందుకొచ్చాడు. వాడికి పెనాల్టీ వేశారు. బావ మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. "ఇదేం న్యాయమప్పా! వాడు తోస్తే ఈ పిల్లోడు యాడికి పోవల్ల?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నది నేను. అది పోయి పోయి ఊరూ పేరూ తెలియని ఎవడికో దక్కింది! అక్క నా మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావకూ ఏదో తట్టినట్టుంది, టీవీ ఆపేసి చెప్పులు వెతుక్కున్నాడు.

బజారుకని ఇద్దరం బండ్లు తీశాం. గేటు సందు ఒక్క బండికే సరిపోతుంది. బావ తన బండిని వెనక్కి లాక్కుని, నా వైపు చూడకుండా, "ముందు నువ్వు పోప్పా" అన్నాడు. కొత్త టిప్పరు కోసం నిద్ర మానుకున్న ఆ కుర్రాడైతే ససేమిరా కదిలేవాడు కాదు. నేను పోయాను.