వెండినీళ్ళు పోసిన జాలీ

మా మామగారు పోయారు. పొద్దున కాఫీ అడిగి, అది చల్లారేలోగా కుర్చీలోనే వెళ్ళిపోయారు. ముదలియార్‌పేటలో ఆయన క్రోమ్ పూత షెడ్డు ఎరిగినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలని కూర్చుంటే, ఆయన పనితనం కంటే ముందు ఆయన పడ్డ సిగ్గే గుర్తొస్తోంది. నేను నెల్లూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది జరిగిందది.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక పుదుచ్చేరిలో మిగిలిన పాత కార్లకు విడిభాగాలు దొరికేవి కావు. ఉన్నవాటికే మెరుపు ఎక్కించమని మామగారి దగ్గరకు తెచ్చేవారు. ఇత్తడి, ఇనుప సామాను వస్తే ఆయన తొట్టిలో వేలాడదీసి, కరెంటు పెట్టి క్రోమ్ ఎక్కించేవారు. ప్లాస్టిక్, ఫైబర్ వస్తే తల గోక్కునేవారు. వాటిలో కరెంటు పారదు. తెచ్చినవాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పేవారు.

"మెరిసే కాగితం అంటించొచ్చు, వానకు లేస్తాది. వెండి రంగు కొట్టొచ్చు, రంగు మాదిరే కనపడతాది. మద్రాసులో గాలి తీసేసిన పెట్టెలో పూసే మిషన్ ఉంది, పెద్ద సామాను పట్టదు. అద్దాల వెనక పోసే వెండినీళ్ళు నేను పోస్తా. బాగుంటాది, అయితే తుడవొద్దు. చూసేదానికే అది."

ఆ మాట ఎంతగా నలిగిందంటే, అప్పడాల డబ్బా మీద చెయ్యేసినవాళ్ళతో మా అత్తగారు కూడా "చూసేదానికే" అనేవారు.

ఉప్పళంలో ఫ్రెంచి సైన్యం పింఛనుదారు ఒకాయన, కొడుకు పెళ్ళి ఊరేగింపు కోసం తన పాత కారు తెచ్చాడు. ఇంజనుకు ముందుండే జాలీ విరిగిపోతే ఫైబర్‌తో పోయించాడట. మామగారు దానికి వెండినీళ్ళు పోశారు. పైన వార్నిష్ కొడితే నిలుస్తుంది గానీ మెరుపు పిసరంత తగ్గుతుంది. ఆ పిసరు వదులుకోలేకపోయారు. "ఊరేగింపు అయినాక ఏస్తాలే" అన్నారు.

ఊరేగింపు సాయంత్రం మేమూ వెళ్ళాం. జాలీ మీద ఎవరిదో వేలిముద్ర పడింది. ఇంట్లో ప్రతి శుక్రవారం వెండి కుందులు విబూదితో తోమేది మామగారే. ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. చేతికి అదే అలవాటు. కారుకు పూజ చేసిన పళ్ళెంలోంచి విబూది తీసి ఆ మరక మీద రుద్దారు. మరకతోపాటు వెండీ వచ్చేసింది. ఇదేంటని ఇంకా రుద్దారు. అరచెయ్యంత మేర నల్లటి ఫైబర్ బయటపడింది.

"ఏమైంది మామా?" అన్నాను.

"పోయిందమ్మా. ఎవురికీ చెప్పొద్దు" అని ఆ మచ్చకు వీపు అడ్డం పెట్టి నిలబడ్డారు.

పెళ్ళికొడుకును, వాళ్ళ మాటలో మాప్పిళ్ళైని, ఎక్కించుకుని కారు కదిలింది. ఆయనా దాన్ని ఆనుకునే ముందు నడిచారు. నాదస్వరం వాళ్ళు చోటు చాలక విసుక్కున్నారు. "మాప్పిళ్ళైకి అడ్డంగా ఎవరాయన? ఏంది ఈ పెద్దరికం?" అని ఎవరో గట్టిగానే అన్నారు. మా ఆయన తల వంచుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఊరేగింపు ముగిసి అందరూ లోపలికి వెళ్ళాక మామగారు ఆ పింఛనుదారుకు తన నల్లబడ్డ వేళ్ళు చూపించారు. "తుడవొద్దని మీకు చెప్పి నేనే తుడిచేసినా. తల కొట్టేసినట్టుంది అయ్యా."

ఆయన నవ్వేశాడు. "జాలీని యాడ చూస్తారు ఎవరైనా? మాప్పిళ్ళైని చూస్తారు గానీ. రా, భోంచెయ్."

ఆ నవ్వుకు మామగారు మరీ కుంగిపోయారు. తినకుండానే వచ్చేశారు. మర్నాడే జాలీ తెప్పించి, వార్నిష్‌తో సహా కొత్తగా చేసిచ్చారు. ఆ కారు ఎదురొస్తే మాత్రం, బతికినన్నాళ్ళూ పక్క వీధిలోకి తిరిగిపోయేవారు.

ఇప్పుడు దండ వెయ్యడానికి పటం కావాలంటే ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఇంతమందిమి ఉండి ఒక్కటీ తీయించలేదు. నలుగురిలో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఎలాగో సంగతి తెలిసి ఆనాటి పెళ్ళికొడుకే తన ఆల్బం పట్టుకొచ్చాడు. అందులో ఉన్నదొకటే, ఊరేగింపులో కారు ముందు నిలబడ్డది. స్టూడియో అతను కారునూ పెళ్ళికొడుకునూ తీసేసి మామగారిని పెద్దది చేసిచ్చాడు. భుజాలు వెనక్కి, రొమ్ము ముందుకు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఎంత ఠీవిగా ఉన్నారో అంటున్నారు. ఎవరి కంటా పడకూడదని ఆయన వీపుతో దాచుకున్న సాయంత్రాన్నే మేం గోడకు తగిలించి దండ వేశాం.