పావ్లాక్ ముక్కు

జర్మనీలోని డార్ట్‌మండ్ నడిబొడ్డున ఉన్న పాత బీరు ఫ్యాక్టరీని అమ్మేసి, మూసేసి, ఫ్లాట్లుగా మార్చడం మొదలుపెట్టినప్పటి నుంచి పావ్లాక్‌కి పొద్దుపోవడం లేదు. ముప్పై రెండేళ్లు అక్కడ బీరు రుచి చూడటమే అతని ఉద్యోగం. నాలుక కంటే ముక్కుకే పని ఎక్కువ. అది వానకి నానిన ఇటుకలా ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి, గోడలకి ఆ ముక్కు ఆనించి, వేగిన బార్లీ వాసన ఏ మూలనైనా మిగిలిందేమోనని వెతుకుతాడు. కొత్త రంగు ఘాటుకి తుమ్ములొస్తాయి. తుమ్ముకో బూతు చొప్పున, కొన్న కంపెనీని తిడతాడు.

ఒక మంగళవారం, ఫ్లాట్లమ్మే లింట్నర్ అనే ఆవిడ ఓ కొత్త జంటకి రెండో అంతస్తు చూపిస్తోంది. "చరిత్ర ఉన్న పడగ్గదండీ ఇది!"

పావ్లాక్ వెనకే దూరాడు. "చరిత్రకేం తల్లీ, బోలెడు! ఇది మా ఉచ్చలదొడ్డి. మంచం తల మాత్రం అటు పెట్టుకోకండి, అది మేస్త్రీ నిలబడే చోటు."

లింట్నర్ మొహం మాడిపోయింది. "పావ్లాక్ గారూ, బయటికి నడవండి!"

కొత్త పెళ్లికూతురు మాత్రం నవ్వాపుకోలేక గోడకి జారబడింది. "మరి మీ చోటేదండీ?"

అతను కిటికీ మూల చూపించాడు. "ముప్పై రెండేళ్లు..." అంటూ వెళ్లి ఆ గోడకి ముక్కు ఆనించాడు.

"అక్కడ కుర్చీ వేస్తాంలెండి. వస్తూ ఉండండి, బీరు మాది," అన్నాడు భర్త.

పావ్లాక్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, "బాత్‌రూం ఎటో ముందే చూపించండి బాబూ. అలవాటులో ఇక్కడే కానిచ్చేస్తానేమో," అన్నాడు.