అన్నయ్యకు నేనెంచిన పాటలపెట్టె

ఈ వయసులో జిమ్ముకు వెళుతున్నానని చెబితే మీలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోండి, నేనూ మొదట నవ్వుకున్నాను. తొడల్లో కాస్త కండ పడితేగాని మోకాళ్ళకు ఆసరా ఉండదని డాక్టరుగారు తేల్చిచెప్పడంతో, కోడలు కుట్టించిన చుడీదారు తొడుక్కుని, చున్నీ నడుముకు బిగించుకుని, రోజూ పొద్దున్నే మా వీధి చివర మేడమీద ఆడవాళ్ళకోసం విడిగా నడిపే జిమ్ముకు వెళుతున్నాను. ఒకప్పుడు అక్కడ బెల్లం దిమ్మలు నిలవచేసే గిడ్డంగి ఉండేది. ఇప్పుడు అదే చోట, గోడకేసి చూస్తూ, ఎంత నడిచినా ఎక్కడికీ చేరని పట్టామీద నడుస్తూ ఉంటాను.

ఆ నడకలో విసుగు భరించలేక, చెవిలో ఏవైనా పాతపాటలుంటే బావుండుననిపించింది. కానీ ఎవరో ఎవరినో వీడియో తీశారని గొడవ జరిగిన దగ్గర్నించీ అక్కడికి ఫోను తీసుకురానివ్వడం లేదు. ఫోను కానిది, పాటలు మాత్రమే వినిపించే చిన్న యంత్రం దొరుకుతుందని కోడలు చెప్పి, నన్ను మెయిన్‌రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళింది. జిమ్ముకే కాదు, వంటింట్లో పని చేసుకుంటున్నప్పుడూ, పాయకరావుపేటలో మా ఆడపడుచు ఇంటికి బస్సులో వెళ్ళేటప్పుడూ కూడా పనికొచ్చేది చూద్దామని ఇద్దరం అనుకున్నాం.

కొట్టు యజమాని ఓపిక గలవాడు. మెడలో హారంలా వేసుకునేదొకటి, బొమ్మలు కూడా కనిపించే తెర ఉన్నదొకటి, బట్టకు పిన్నులా తగిలించుకునే అగ్గిపెట్టెంతదొకటి అద్దంమీద పరిచాడు. చెమటకు పాడవకూడదు, కళ్ళజోడు లేకపోయినా బొత్తాం వేలికి తెలియాలి, తీగ మెషీన్ చేతులకు చిక్కుకోకూడదు, ఇవీ నాకు కావలసినవి. అగ్గిపెట్టెంతదే నచ్చింది. అప్పుడాయన దాని చెవిగుబ్బలు నాకు తగిలించి, "సౌండు సూడండమ్మా, ఇంత సిన్నదాంట్లో ఇంత సౌండు ఇంకే కంపెనీ ఇవ్వదు" అంటూ మొత్తం పెంచేశాడు. నేను ఉలిక్కిపడి వాటిని లాగిపారేశాను.

"ఏమైందత్తయ్యా?" అంది కోడలు.

"సౌండు ఎక్కువ రానిది కావాలి" అన్నాను.

ఆయన తడుముకోకుండా, ఇందులోనే ఒక హద్దు పెట్టుకోవచ్చనీ, ఆపైన ఎంత నొక్కినా పెరగదనీ చేసి చూపించాడు. అదే తీసుకున్నాం. కానీ కొట్టు మెట్లు సగం దిగి ఆగిపోయాను. ఎందుకంటే ఇదే అనకాపల్లిలో, ఇలాంటి కొట్టులోనే, నేను డిగ్రీ చదువుకునే రోజుల్లో, అన్నయ్య పక్కన నిలబడి, అన్నిటికంటే ఎక్కువ సౌండు వచ్చేది ఇవ్వండని అడిగినదాన్నీ నేనే.

నేను పుట్టిన ఊరు తుమ్మపాలకు కాస్త అవతల. అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఒక్కసారి విన్న పాటను రెండోరోజుకు చరణాలతో సహా పాడేసేవాడు. తబలా మొదటి దెబ్బ వినగానే అదేం పాటో చెప్పేసేవాడు. మా వీధి భజన బృందంలో మీసాలు నెరిసినవాళ్ళు కూడా శ్రుతి కలిశాక అన్నయ్య వైపు చూసేవారు, సరిపోయిందా అన్నట్టు. అతను తల ఊపితేనే భజన మొదలయ్యేది. అమ్మ గుమ్మంలో నిలబడి అది చూసి, చూడనట్టు లోపలికి వెళ్ళిపోయేది, దిష్టి తగులుతుందని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. మాకున్న చెరకు చేను ముగ్గురి కడుపులు నింపేంతది కాదు. అన్నయ్య ఇంటరు మధ్యలో మానేసి, కొండ పక్కనున్న రాళ్ళ క్రషర్లో పనికి కుదిరాడు. నన్ను మాన్పించి పెళ్ళి చేసేస్తే బరువు తీరుతుందని చుట్టాలు చెవిలో ఇల్లుకట్టుకుని చెప్పినా, అమ్మ ఊగిసలాడినా, అన్నయ్య మాత్రం అమ్మడు చదువుతుందని ఒక్కమాటతో తెంచేశాడు. పెద్ద బండల్ని నమిలి కంకరగా ఉమ్మే ఆ మెషీన్ పక్కన అతనికి రోజంతా పని. నేనొకసారి క్యారేజీ పట్టుకెళ్ళాను. ఆ మోతకు నా పళ్ళు జివ్వుమన్నాయి. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు, చేతులతోనే. నేను వచ్చానన్న సంగతి అతనికి తెలియడానికి వెనకనుంచి భుజం తట్టాల్సి వచ్చింది.

సాయంత్రం తెల్లటి దుమ్ముతో ముసలివాడిలా ఇంటికొచ్చి, నూతిదగ్గర నాలుగు చెంబులు పోసుకుని, రేడియో పెట్టుకునేవాడు. అదొక్కటే అతని సుఖం. ఆ రేడియో మోత ఏడాదికేడాదీ పెరిగింది. మొదట్లో గదిలోకి వినిపించేది, తరవాత వాకిట్లోకి, ఆ తరవాత వీధిలోకి. మాకున్నది ఒకటే గది, వెనక వంటచాటు. నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆ పాటలు అక్షరాలమీద పడి దొర్లేవి. నేను తగ్గించేదాన్ని, అన్నయ్య పెంచేవాడు, నేను మళ్ళీ తగ్గించేదాన్ని. పరీక్షల ముందు ఒకరోజు పుస్తకం విసిరికొట్టి ఏడ్చాను. మన ఇళ్ళలో ఆడపిల్ల చదువుకోసం ఏడవడం మామూలే, ఎవరైనా ఏడ్చేవారే. అన్నయ్య లేచి రేడియో ఆపేశాడు.

ఆ ఆదివారమే నన్ను సైకిలుమీద అనకాపల్లి తీసుకొచ్చాడు. జేబులో పట్టే టేప్‌రికార్డర్లు, మనమందరం వాక్‌మన్ అనేవాళ్ళమే, అవి అప్పుడప్పుడే మన ఊళ్ళ కొట్లలోకి వస్తున్నాయి. అది కొనుక్కుంటే పాట తన చెవుల్లోనే ఉంటుంది, నా చదువు నాకుంటుంది. నాకు పట్టరాని సంతోషం. అతనికి కొంటున్నది నేనే అన్నంత హడావిడి చేశాను. కొట్టతను మొదటిది తగిలిస్తే అన్నయ్య కాసేపు విని, "పాట దూరంగా వినపడతందమ్మడూ" అన్నాడు. రెండోది పెట్టినా అదే మాట. రెండూ నేను పెట్టుకుని చూస్తే నాకు బాగానే వినిపించాయి. వస్తువు మంచిది కాదేమో అనుకున్నాం. అప్పుడే నేను కొట్టతనితో, అన్నిటికంటే ఎక్కువ సౌండు వచ్చేది ఇవ్వండి అన్నాను. మూడోది పెట్టుకోగానే అన్నయ్య మొహం విచ్చుకుంది. అదే కావాలన్నాడు. పక్కన నిలబడ్డ నాకు దాని చెవిగుబ్బల్లోంచి పాట స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. అంత గట్టిగా ఉన్నది అతనికి ఎందుకు కావాలో నాకు తట్టలేదు, కొట్టతనికీ తట్టలేదు.

ఆరోజు నుంచీ మా ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను డిగ్రీ పూర్తిచేశాను, బి.ఇడి. చేశాను, కోటవురట్లలో టీచరుగా చేరాను. ఆ నిశ్శబ్దంలోనే ఇవన్నీ జరిగాయి. అన్నయ్య మాత్రం ఇంటికొస్తే చెవులమీద ఆ నల్లటి గుబ్బలతోనే కనిపించేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. పాటల్లో పడి ఒళ్ళు తెలియడంలేదని అమ్మ విసుక్కునేది, నేను నవ్వేదాన్ని.

నేను ఉద్యోగంలో చేరిన ఏడు వినాయకచవితికి ఊరొచ్చాను. పందిట్లో భజన. ఎప్పటిలాగే అన్నయ్య చేత మొదటి పాట పాడించారు. గొంతు అదే, కానీ పాట శ్రుతికి పక్కగా నడుస్తోంది. హార్మోనియం వాయించే మామ రెండుసార్లు మెట్టు మార్చి అందుకోబోయి, చివరికి వాయించడం మానేసి ఊరుకున్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. అన్నయ్య కళ్ళు మూసుకుని పాడుతున్నాడు గనక ఇవేవీ చూడలేదు. కళ్ళు తెరిచేసరికి అందరూ తనవైపు కాకుండా నేలవైపు చూస్తున్నారు. ఆ తరవాత ఎవరు అడిగినా అతను పాడలేదు.

విశాఖపట్నంలో చెవుల డాక్టరుకు చూపించాను. లోపలి నరం దెబ్బతిందనీ, క్రషర్ మోతకు కొంతా, చెవుల్లోకి అంత గట్టిగా పోసుకున్న పాటలకు కొంతా పోయి ఉంటుందనీ, పోయింది తిరిగి రాదనీ ఆయన చెప్పారు. ఏది ఎంత అని నేను అడిగాను. అలా పంచి చెప్పలేమమ్మా అన్నారు. ఆయన పంచి చెప్పి ఉంటే బావుండేది. అప్పటినుంచీ నా వాటా ఎంతో నేనే లెక్కవేసుకుంటూ, ఒకరోజు తక్కువగా, ఒకరోజు మొత్తం నాదేగా, ఇన్నేళ్ళు గడిపాను.

ఈ పాటల మిషను కొన్నరోజున, కొట్టునుంచి ఇంటికి వెళ్ళలేక, కోడల్ని పంపేసి, ఆటో ఎక్కి తిన్నగా అన్నయ్య దగ్గరకు వెళ్ళాను. వాకిట్లో గేదెకు గడ్డి వేస్తున్నాడు. చెవిటిమిషను ఎప్పటిలాగే చొక్కాజేబులో ఉంది. దాంట్లో మనుషులు రేకు డబ్బాలో మాట్లాడినట్టుంటుందని పెట్టుకోడు. నా చేతిలో ఉన్నది తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మడూ ఇది, సొక్కా బొత్తాంలాగుంది?"

"పాటల మిషను అన్నయ్యా."

"ఏటీ?"

"పాటలు! పాటలు!"

"ఓస్! దీన్లోకి కేసెట్టు ఎలాగ దూరతాది?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆగలేకపోయాను. ఆ వాక్‌మన్ ఎంచినది నేనే కదా అన్నయ్యా అన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఏటి, నాను ఎంచేనా?" అన్నాడు.

"నువ్వు కాదు, నేను! ఎక్కువ సౌండున్నది ఎంచింది నేను! నా వల్లే నీ చెవులు పోయాయి!"

అరిచాను. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పుకోని మాటను సంతలో బేరంలా అరిచాను. గోడ అవతలనుంచి పక్కింటావిడ తల ఎత్తింది, వదిన గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. అన్నయ్య నా పెదవులవైపు చూస్తూనే చేతిలో గడ్డి కింద పెట్టి, వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ దీన్నా మోసుకు తిరగతన్నావు? ఇంటికాడే ఎట్టుకునీవోణ్ణి అనుకున్నావేటి? క్రషర్ కాడికీ పట్టుకెల్లీవోణ్ణి. ఆ మోతలో పాట వినపడాలంటే మొత్తం పెంచీవోణ్ణి. అది నేకపోతే నాను ఆ రాళ్ళకాడ ఉండీవోణ్ణా? ఎప్పుడో పారిపోయీవోణ్ణి. ఊరుకో అమ్మడూ."

నన్ను ఓదార్చడానికే అన్నాడు. అతనికి అది ఓదార్పే. కానీ ఆ పాటలే అతన్ని అక్కడ నిలబెట్టాయనీ, అతను అక్కడ నిలబడబట్టే నా ఫీజులు కట్టగలిగాడనీ, నాకు ఉద్యోగం వచ్చిందనీ, అన్నీ ఒకే తీగకు గుచ్చినట్టు కనబడి, నాకు ఇంకా బరువైంది. వదిన లోపలికి వెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది. అన్నయ్య సరదాకి ఒక గుబ్బ చెవికి ఆనించుకుని, తల అడ్డంగా ఊపి నా చేతిలో పెట్టేశాడు. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగాడు. ఆ జిమ్మేదో మానకుండా పొద్దున్నే బేగి లేచి వెళ్ళమన్నాడు.

వెళుతున్నాను. చున్నీకి తగిలించుకున్న పాటలు మెల్లగా వినిపిస్తుంటే నడుస్తున్నాను. బావుంటుందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, కానీ బావుంటుంది. నా పక్కన నడిచే అమ్మాయిల చెవుల్లోనూ ఎవరి పాటలు వాళ్ళకున్నాయి. మా ఇంట్లోనూ అంతే. కొడుకు, కోడలు, నేను, ఒకే గదిలో మూడు పాటలు, ఒకరి పాట ఇంకొకరికి అడ్డం రాదు, ఎవరూ పుస్తకాలు విసిరి ఏడవనక్కర్లేదు. మంచిదే. ఇంటికంతటికీ ఒక్కటే పాట ఉన్న రోజుల్లో దాన్ని పెట్టాలన్నా ఆపాలన్నా పక్కవాళ్ళ మొహం ఒకసారి చూడాల్సి వచ్చేది. అలా చూడాల్సిన రోజుల్లో నేను అన్నయ్య మొహం సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూడడం వచ్చింది, కానీ మా ఇంట్లో ఎవరూ తలెత్తరు.