జ్వరాల్లేని ఊరు

మా సూపర్‌వైజరమ్మ పోయారని పెదబయలు సంతలో ఉండగా ఫోన్ వచ్చింది. రిటైరయ్యాక ఆవిడ కింద మైదానంలో, కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున్న గుండె ఆగిందట. ఎండుచేపల దుకాణం పక్కన ఒక రాయి మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఇకమీదట నా లెక్క తప్పయితే ఆ సంగతి నాకు చెప్పేదెవరు?

నేను మలేరియా పనిలో ఆవిడ కింద చాలా ఏళ్ళు చేశాను. నాది ఈ కొండే. ఆవిడది శ్రీకాకుళం వైపు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు ‘గుంటా’ అనే పిలిచేవారు. బస్సులో కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. అంబలి ఆవిడకి సయించదు, అయినా జ్వరం ఉన్న ఇంట్లో ఇస్తే మాట్లాడకుండా తాగేవారు. తాగకపోతే వాళ్ళు రక్తపరీక్షకి వేలు ఇవ్వరని ఆవిడకి తెలుసు.

ఫలానా ఊళ్ళో ఆరుగురికి జ్వరమని ఎవరైనా చెబితే చాలు, వెంటనే అడిగేవారు.

“ఎంతమందిలో? పైన అంకె అందరూ సెప్తారు. కింద అంకె ఏటి? పదిమందిలో ఆరుగురా, ఊరంతట్లో ఆరుగురా? అది సెప్పకపోతే నువ్వు నాకేటీ సెప్పనట్టే.”

పాత జ్వరాలనీ కొత్త జ్వరాలనీ ఒకే గడిలో రాస్తే కాగితం వెనక్కి తోసేసేవారు. “సంతకి ఇప్పుడొచ్చినోళ్ళు వేరు, పొద్దుట్నుంచీ ఉన్నోళ్ళు వేరు. కలిపేత్తే జబ్బు పెరుగుతందో, ఉన్నదే నానుతందో ఎలా తెలుస్తాది?”

ఇవి పుస్తకంలోని మాటలే, మాకు ట్రైనింగులోనూ చెప్పారు. కానీ నాకవి అర్థమైంది ఒక ఏడాది వానలు తగ్గుతున్న రోజుల్లో.

మా అక్కని ఇచ్చిన ఊరి నుంచి వారం వారం జ్వరాల కబురు వచ్చేది. ఒక వారం జ్వరాలు లేవన్నారు, మరుసటి వారం కూడా లేవన్నారు. మేం పంచిన దోమతెరలు పని చేశాయని ఆసుపత్రిలో అందరం సంతోషపడ్డాం. ఆవిడ ఒక్కరే మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు.

“ఏటే గుంటా, సంబరవా? దోమలేటి, సెలవెట్టినాయా? ఊళ్ళో ఎవలున్నారో కనుక్కున్నావా?”

అప్పుడు గాని నాకు తట్టలేదు. అవి సామలు పండే రోజులు. చేలో పందులు పడకుండా కాపలా కాయడానికి మా వాళ్ళు పిల్లాజెల్లాతో కొండవాలున్న పోడు చేల మీది పాకల్లోకి వెళ్ళిపోతారు. కొండెక్కలేని ముసలివాళ్ళు మాత్రం ఊళ్ళో మిగులుతారు. జ్వరాల్లేవన్నది వాళ్ళ లెక్క. మిగతా జనం ఏ అంకెలోనూ లేరు.

“మా అక్క కూడా పైనే ఉంటాది మేడం. ఏడో నెల,” అన్నాను.

ఆవిడ టీ గ్లాసు సగంలో పెట్టేశారు. “బేగి నడు.”

ఊళ్ళోకి వెళ్ళేసరికి తలుపులన్నిటికీ గొళ్ళేలు. కోళ్ళు కూడా లేవు. అక్క ఇంటి గొళ్ళెం తీశాను. మేమిచ్చిన దోమతెర నాలుగు మూలలా చక్కగా కట్టి ఉంది. దాని కింద ఎవరూ లేరు.

పక్కింటి అరుగు మీద ముసలమ్మ ఎండకి కూర్చుంది.

“ఊళ్ళో జొరాలున్నాయా అవ్వా?” సూపర్‌వైజరమ్మ అడిగారు.

“లేవు.”

“పోడు మీద?”

“ఉన్నాయి. మీ వాళ్ళు ఊళ్ళో సంగతే కదా అడిగింది.”

పోడు దాకా కొండెక్కాం. పాక ముందు బావ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, లోపలికి చెయ్యి చూపించాడు. అక్క ఒళ్ళు కాలిపోతోంది. నా మొహంలోకి చూసి ఎవరు నువ్వని అడిగింది.

సూపర్‌వైజరమ్మ వేలు గుచ్చి పరీక్ష కిట్టు మీద రక్తం చుక్క వేశారు. మొదటి గీత పడింది. రెండోది పడితే మలేరియా. పడకూడదనుకున్నాను. రెండో గీత లేతగా మొదలై, చూస్తుండగానే ముదురైంది.

“దోమతెర ఎందుకు తేలేదు నాయనా?” అని బావని అడిగారు.

“ఇంట్లో కట్టమన్నారు కదా మేడం. ఇంట్లోనే కట్టాం.”

“మేవే అన్నాం. పడుకున్న సోట కట్టమనాల్సింది,” అన్నారు ఆవిడ.

పక్క పాకల్లోనూ జ్వరాలే. మగవాళ్ళు దుప్పటితో డోలీ కట్టారు. ఆవిడ నన్ను అక్కతో ఆసుపత్రికి దిగమని, తను మిగతా పాకలు చూస్తానన్నారు.

“మీరొక్కరూ ఎలాగ మేడం? భయం లేదా?”

“ఎందుకు నేదు? భయం నేనోళ్ళకి ఈ పని ఇవ్వకూడదు. నడు.”

అక్క బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆవిడ ముందు అక్క ఎలా ఉందని అడిగేవారు, పని మాట తర్వాత. ఇప్పుడు పంటరోజుల్లో మేం ముందు పోడు తిరిగి, ఆ తర్వాతే ఊళ్ళోకి వెళ్తాం. ఈ కొండల్లో దోమతెర కట్టుకుని పోడు మీద పడుకునే వాళ్ళలో చాలామందికి ఆవిడెవరో తెలియదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆ సాయంత్రం డోలీ వెంట దిగుతూ మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. పైన కొండ వాలు పొడుగునా సన్నగా వంట పొగలు లేస్తున్నాయి. ఎక్కడ పొగ ఉంటే అక్కడొక పాక. అన్ని పాకలుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడ కుచ్చెళ్ళు పైకి దోపుకుని, సంచి భుజాన వేసుకుని, పసుపు పూల వలిసె చేలోంచి మొదటి పొగ వైపు నడుస్తున్నారు. ఆవిడ వెనక, ఆవిడ చూడని వైపు, చెట్ల మధ్య నుంచి ఇంకో పొగ లేచింది. కేక వేశాను. ఆవిడకి వినపడలేదు.