అవతలి చెయ్యి

దాజీ పేట్‌లో ఉండే ముసలి నేతగాడు అంబాదాస్ రోజూ మగ్గం ముందు కూర్చుని, దువ్వెనలాంటి అచ్చు సందుల్లోంచి పోగు లాగడానికి వంకర వేళ్ళు చాస్తాడు. అవతలి వైపు నుంచి పోగు అందించే భార్య నర్సవ్వ పోయి మూడు నెలలైంది. ఆయనకది గుర్తుండదు.

"ఇయ్యవేందే, నిద్రపోయినవా?" అని ఆ రోజు కూడా విసుక్కున్నాడు.

"అవ్వ లేదు తాతా. రోజూ చెప్తున్న గదా!" అంది బీఎస్సీ చదివే మనవరాలు ప్రణాలి. "నీ చేతి అలవాటు ఎందుకు పోదంటే, నరాల కణాల్లో కైనేజ్ అని ఒక రకం ప్రొటీన్ ఉంటది, పన్నెండు ముక్కల చక్రం. ఒక ముక్క పక్కముక్కకు ఫాస్ఫేట్ అంటించి లేపుతది. పిలుపు ఆగినా చక్రం ఆగదు. నేర్చింది అట్ల నిలుస్తది."

"మరి పోగు గుంజుడు నిలిచింది. ఆమె సచ్చింది నిలుస్తలేదేందే?"

ప్రణాలి చేతిలోని పుస్తకం పేజీలు తిప్పింది. కాసేపటికి ఆయన మళ్ళీ చెయ్యి చాచాడు.

"ఇయ్యవే నర్సవ్వా!"

ప్రణాలి పుస్తకం మూసి, అవతలికి వెళ్ళి పోగు అందించింది.

"ఇంతసేపా?" అన్నాడు అంబాదాస్.