వాల్వు పక్కన వేసిన అతుకు

మా చిన్నాన్న రంగప్ప గారు ఇక లేరు. గత ఆదివారం ఆయన ఫోన్ నుంచే నాకు కబురు వచ్చింది. గొంతు మాత్రం ఆయనది కాదు. "నిమ్మ మనెయవరు ఇల్లి బిద్దిద్దారె, బేగ బన్ని" అన్నాడెవరో. మీ ఇంటివారు ఇక్కడ పడిపోయారు, త్వరగా రండి అని. నేను వర్తూరు చెరువు మలుపు చేరేసరికి ఆయన మీద తువ్వాలు కప్పి ఉంది. మోటారుసైకిలు పక్కకు ఒరిగి ఉంది. వెనక చక్రంలో గాలి లేదు. దుఃఖం కన్నా ముందు దిగ్భ్రాంతి కలిగింది. ఆ చక్రాన్ని ఆ పొద్దునే ఆయన స్వహస్తాలతో బాగుచేశారు. నేను పక్కనే ఉన్నాను.

మా తాతగారి కారు వస్తే వర్తూరు సంత పక్కకు జరిగేది. ఆయన పొలాల్లో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. వాటి గేటు దగ్గర మమ్మల్ని పేరు అడిగి గాని లోపలికి వదలరు. చిన్నాన్నకు మిగిలింది ఆ బండి ఒక్కటే. దాన్ని ఏనాడూ పంచరు అంగడికి తీసుకుపోలేదు. రోడ్డు పక్కన పరుల పీట మీద కూర్చుని ఎదురుచూడడం ఆయనకు తలవంపు. "మన చక్రం మన గడపలోనే విప్పల్ల. ఊరోళ్ల ముందర కాదప్పా" అనేవారు.

ఆ పని ఆయన నిష్ఠగా చేసేవారు. ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ట్యూబును బేసిన్ నీళ్లలో ముంచి, బుడగ కోసం కన్నార్పకుండా చూసేవారు. టైరు లోపల తడిమి, మేకు దొరికేదాకా అతుకు జోలికి పోయేవారు కాదు. ఒకసారి నేను తొందరపెడితే, "ముల్లు లోపలే పెట్టి పైన కట్టు కడతావా? నువ్వు డాక్టరు కాకపోవడం ఊరికి మేలైంది" అన్నారు.

ఆయన నియమాలలో ఒకదానికి మినహాయింపు లేదు. గాలి ఎక్కించే వాల్వు మొదట్లో చిల్లు పడితే ఆ ట్యూబును పారేయాలి. అక్కడ అతుకు సరిగా కూర్చోదు. బండి వేగంలో ఉండగా లేచిందంటే గాలి ఒక్కసారిగా పోతుంది. ఇది నాకు నేర్పింది ఆయనే.

ఆదివారం బుడగలు ఆ చోటే వచ్చాయి.

ఆ రోజు బ్రూక్‌ఫీల్డ్‌లో మా దాయాదుల గృహప్రవేశం. కారు పంపుతామని వాళ్లు ఫోన్ చేశారు. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి, "కారు వస్తాదంట. దాంట్లో పోదాం. ఇంత పొద్దున్నే కొత్త ట్యూబు యాడ దొరుకుతాది?" అన్నారు.

చిన్నాన్న తల ఎత్తలేదు. "వాళ్ల కారు ఎక్కితే ఏడాదంతా ఆ కారు మాటే చెప్తారు. నువ్వు దాంట్లో రా. నేను బండి మీద పోతా."

"నాకొక్కదానికి కారెందుకు? ఆ ఇల్లు ఇంకోరోజు చూస్తాలే" అని ఆమె లోపలికి వెళ్లిపోయారు.

ఆయన వాల్వు చుట్టూ గీకి, సొల్యూషన్ రాసి, అతుకును బొటనవేలితో చాలాసేపు అదిమిపట్టారు. మళ్లీ నీళ్లలో ముంచితే ఒక్క బుడగా రాలేదు. ఆ నీళ్ల నిశ్చలత్వం నాకు నచ్చలేదు. ఆయన పనికి అడ్డు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. బండి తీస్తుంటే కిటికీలోంచి చిన్నమ్మ ఎప్పటిలాగే అడిగారు: "గాలి చూసుకుంటివా?"

"ఉండాది" అన్నారు. ఆ ఇంట్లో ఆయన చివరి మాట అదే.

కొత్త ట్యూబు కొనలేక పోయాడని దాయాదులు అనుకుంటున్నారట. వాళ్లు తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను. ఆయనకు కారు సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కలేదు.

నిన్న చక్రం విప్పాను. అతుకు ఒక అంచున లేచి ఉంది. ఆయన బొటనవేలి గుర్తు దాని మీద ఇంకా ఉంది. "అది పారేసి కొత్తది ఏసుకో నాయనా" అన్నారు చిన్నమ్మ. ఆయన చేయి పడినదాన్ని పారేయడానికి మనసు ఒప్పలేదు. ఆయన పీట మీద కూర్చుని, లేచిన అంచును నేనే అతికించాను. నీళ్లలో బుడగ రాలేదు.

ఎల్లుండి చెరువు అవతల కర్మ. దాయాదులు మళ్లీ కారు పంపుతామన్నారు. వద్దన్నాను. అంత తల ఎత్తుకుని బతికిన మనిషిని మా వంశం మళ్లీ చూడదు. ఆయనకు నేను అర్పించగల నివాళి, ఆయన బండి మీద ఆయన దారినే పోవడం.

ఇవాళ ఒకసారి నడిపి చూద్దామని బండి బయట పెడుతుంటే చిన్నమ్మ కిటికీ దగ్గరికి వచ్చారు.

"గాలి చూసుకుంటివా?"

"ఉండాది" అన్నాను.